డమ్మీ అవుట్‌పుట్‌తో మూడు రాత్రులు

లినక్స్ వేసుకోవడం నాకు కొత్తేం కాదు. కాకపోతే ఈసారి కొత్త ల్యాప్‌టాప్ రాగానే కాస్త గొప్పకి పోయి, మినిమల్ ఇన్‌స్టాల్ ఎంచుకున్నాను. అంటే డిస్ట్రో (లినక్స్‌ని వాడుకోవడానికి వీలుగా సర్ది ఇచ్చే రకం; ఫెడోరా, డెబియన్ లాంటివి) వాళ్లు మామూలుగా కలిపి ఇచ్చే ప్యాకేజీలేవీ వద్దు, కావాల్సినవి నేనే ఒక్కొక్కటీ వేసుకుంటానని. వైఫై వచ్చింది, టచ్‌ప్యాడ్ వచ్చింది, బ్రైట్‌నెస్ కీలు కూడా పనిచేశాయి. రాత్రి పదకొండింటికి, ఇక అయిపోయిందనుకుని ఒక వీడియో పెట్టాను. మనిషి మూతి కదులుతోంది, మాట రావట్లేదు.

వాల్యూమ్ వందకి పెంచినా లాభం లేదు. సెట్టింగ్స్‌లో సౌండ్ పేజీ తెరిస్తే, ‘స్పీకర్స్’ అని ఉండాల్సిన చోట ఒకే ఒక్క పేరు: ‘డమ్మీ అవుట్‌పుట్’.

ఈ డమ్మీ ఏంటో అప్పటికి నాకు సరిగ్గా తెలీదు. సౌండ్ సర్వర్‌కి, అంటే ప్రోగ్రాముల శబ్దాన్ని స్పీకర్‌కి చేర్చే ప్రోగ్రామ్‌కి, అసలు సౌండ్ కార్డే కనపడనప్పుడు, ప్రోగ్రాములు బెంబేలెత్తకుండా అది నిలబెట్టుకునే ఉత్తుత్తి పరికరం ఇది. వీడియో దానికి శబ్దం పంపిస్తూ ఉంటుంది, అది తీసుకుని పారబోస్తూ ఉంటుంది. ఎర్రర్ రాదు, ప్లేయర్ ఆగదు, వాల్యూమ్ బార్ కూడా ఎంచక్కా జరుగుతుంది. అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించడమే ఇందులో చిక్కు. నేను ఆ పేరు చూసి, ఇదేదో సెట్టింగ్ సమస్య అనుకున్నాను. కార్డే లేదని చెబుతోందని తోచలేదు.

మొదటి రాత్రి నేను చేసినదాన్ని ట్రబుల్‌షూటింగ్ అనకూడదు. నెట్‌లో దొరికిన కమాండ్లని ఒకదాని తర్వాత ఒకటి కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేయడమే. మొదటిది పల్స్ ఆడియో అనే సౌండ్ సర్వర్‌ని చంపి మళ్లీ లేపమంది. కొడితే, అలాంటి ప్రాసెస్ ఏదీ లేదని జవాబు. రెండోది నా యూజర్‌ని ఆడియో గ్రూపులో చేర్చమంది, చేర్చాను. మూడోది ఏదో కాన్ఫిగ్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేయమంది, అదీ చేశాను. నాలుగోది ఈటీసీ కింద ఉండే మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి, అందులో ‘ఆప్షన్స్ ఎస్ఎన్‌డీ ఇంటెల్ డీఎస్‌పీ సీఎఫ్‌జీ’, దాని పక్కన ‘డీఎస్‌పీ డ్రైవర్ ఈక్వల్ టు 1’ అని రాసి రీస్టార్ట్ చేయమంది. దాని అర్థం ఏంటో చూడకుండానే రాసేశాను. అప్పటికి రాత్రి ఒంటిగంట దాటింది మరి.

రీస్టార్ట్ అయ్యాక డమ్మీ పోయి ‘స్పీకర్స్’ వచ్చింది. కానీ శబ్దం ఇంకా లేదు. అప్పుడు అల్సామిక్సర్ తెరిచాను. టెర్మినల్‌లో నిలువు గడులుగా కనిపించే పాత ప్రోగ్రామ్ అది, నాకు చాలా ఇష్టం. ఒక్కో గడి కింద ఒక చిన్న పెట్టె ఉంటుంది. అందులో రెండు సున్నాలుంటే ఆ లైను తెరిచి ఉన్నట్టు, రెండు ఎమ్‌లుంటే మ్యూట్‌లో ఉన్నట్టు. మొదట నాకు పైప్‌వైర్ అనే సౌండ్ సర్వర్ పేరుతో ఒక్క గడే కనిపించింది. ఎఫ్6 నొక్కి అసలు కార్డుని ఎంచుకుంటే గానీ మొత్తం బయటపడలేదు: మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, చివర్న ఆటో మ్యూట్. మాస్టర్ తెరిచే ఉంది. స్పీకర్ గడి కింద మాత్రం రెండు ఎమ్‌లు. బాణం కీతో అక్కడికెళ్లి ఎమ్ నొక్కగానే, వెనక ఇంకా ఆడుతున్న వీడియో గొంతు గది దద్దరిల్లేలా వచ్చింది. వాల్యూమ్ వందలోనే ఉందన్న సంగతి మర్చిపోయాను.

నా సంతోషానికి అవధుల్లేవు. ఇల్లలకగానే పండగ కాదని తెలియడానికి మర్నాడు ఉదయం పదింటి దాకా ఆగాల్సి వచ్చింది.

పదింటికి ఆన్‌లైన్ మీటింగ్. అందరి మాటలూ నాకు చక్కగా వినపడుతున్నాయి. నా వంతు వచ్చినప్పుడు రెండు నిమిషాలు ఊపుగా మాట్లాడాను. ఎవరిలోనూ చలనం లేదు. చివరికి ఒకతను చెవి మీద చెయ్యి పెట్టి చూపించాడు. “అన్నా, మీ వాయిస్ రావట్లేదు. మ్యూట్‌లో ఉన్నట్టున్నారు.” మ్యూట్ తీసే ఉంది. మైక్ లిస్టులో ఒక పేరు కూడా ఉంది, అదే సెలెక్ట్ అయి ఉంది. మిగతాదంతా చాట్‌లో టైప్ చేసి గండం గట్టెక్కాను.

రెండో రాత్రి మొత్తం ఈ మైక్‌కే పోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం బాగా టెన్షన్ పడ్డాను, మర్నాడు ఇంకో మీటింగ్ ఉంది కాబట్టి. బ్రౌజర్ పర్మిషన్లు చూశాను. బ్రౌజరే మార్చాను. పావు కంట్రోల్ అనే వాల్యూమ్ ప్రోగ్రామ్ వేసుకుని, అందులో ఇన్‌పుట్ డివైసెస్ ట్యాబ్ తెరిచాను. మైక్ పేరు కింద ఒక సన్నటి పట్టీ ఉంటుంది, మనం మాట్లాడితే అది అటూ ఇటూ ఊగాలి. అరిచాను, చప్పట్లు కొట్టాను, మైక్ రంధ్రాల దగ్గర గోటితో గీకాను. పట్టీ మెదల్లేదు. ఏరికార్డ్ అనే కమాండ్‌తో ఐదు సెకన్లు రికార్డ్ చేసి, ఆ ఫైల్‌ని ఒక ఎడిటర్‌లో తెరిస్తే గీత గీసినట్టు తిన్నగా ఉంది. చుట్టూ ఎంత నిశ్శబ్దంగా ఉన్నా పనిచేసే మైక్‌లో కొంచెమైనా గరగర ఉంటుంది. ఇందులో అది కూడా లేదు. అంటే మైక్ వినట్లేదని కాదు, ఆ తీగ చివర అసలు మైకే లేదని. ఆ ముక్క ఆ క్షణంలోనే తట్టి ఉంటే ఒక రాత్రి మిగిలేది.

పక్కనే ఉన్న వైర్ హెడ్‌సెట్ గుచ్చాను. దాని మైక్ వెంటనే పనిచేసింది. ఇంకేం, సర్దుకుపోయాను. నాలుగైదు రోజులు ఆ వైరు మెళ్లో వేసుకునే తిరిగాను.

ఈ నాలుగైదు రోజుల్లో ఖాళీ దొరికినప్పుడల్లా కాస్త చదివాను, ఈసారి కమాండ్ల కోసం కాదు. అసలు వీడియోలో నుంచి శబ్దం స్పీకర్ దాకా ఏ దారిలో వెళుతుందో తెలుసుకుందామని. అట్టడుగున హార్డ్‌వేర్. దాని పైన కెర్నెల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, ఉండే డ్రైవర్లు, వాటన్నిటినీ కలిపి అల్సా అంటారు. 1998లో మొదలైన ప్రాజెక్టు అది. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో పాత ఓఎస్ఎస్ అనే సౌండ్ వ్యవస్థ స్థానంలోకి వచ్చింది. అల్సా పైన సౌండ్ సర్వర్ ఉంటుంది. నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి మాట్లాడితే కలిపి పంపడం, ఏది ఏ స్పీకర్‌కి వెళ్లాలో చూడటం దీని పని. చాలా ఏళ్లు ఆ పని 2004లో మొదలైన పల్స్ ఆడియో చేసింది. ఇప్పుడు చాలా డిస్ట్రోల్లో పైప్‌వైర్ చేస్తోంది. ఫెడోరా 2021లో 34వ వెర్షన్ నుంచి దాన్నే డిఫాల్ట్ చేసింది. 1.0 వెర్షన్ 2023 నవంబర్‌లో వచ్చింది. పైప్‌వైర్ పక్కనే వైర్‌ప్లంబర్ అని ఇంకొకటి ఉంటుంది. ఏ కార్డుని తెరవాలి, దేన్ని డిఫాల్ట్ చేయాలి లాంటి నిర్ణయాలు దానివి.

ఈ ఏళ్లన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నెట్‌లో దొరికే ప్రతి సలహాకీ ఒక వయసు ఉంటుంది. అది నాకు అప్పుడే వెలిగింది. నేను మొదటి రాత్రి చంపబోయిన పల్స్ ఆడియో నా సిస్టమ్‌లో లేనే లేదు. తమాషా ఏంటంటే, ‘పీఏసీటీఎల్ ఇన్ఫో’ అని అడిగితే సర్వర్ పేరు దగ్గర ‘పల్స్ ఆడియో’ అనే వస్తుంది. పక్కన బ్రాకెట్లో మాత్రం ‘ఆన్ పైప్‌వైర్’ అని ఉంటుంది. పాత ప్రోగ్రాములు తికమక పడకుండా పైప్‌వైర్ పల్స్ ఆడియో వేషం కడుతుందన్నమాట. ప్రోగ్రాముల సంగతి సరే, నేనూ ఆ వేషం నమ్మి పాత సలహాలన్నీ తెచ్చి దాని నెత్తిన రుద్దాను. అలాగే ఆడియో గ్రూపులో చేరడం కూడా ఇప్పుడు మామూలుగా అక్కర్లేదు. లాగిన్ అయినవాళ్లకి సిస్టమే అనుమతి ఇస్తుంది.

మూడో రాత్రి కింద నుంచి పైకి రావాలని కూర్చున్నాను. హార్డ్‌వేర్ ఉందా? ఉంటే దాన్ని ఏ డ్రైవర్ పట్టుకుంది? డ్రైవర్ కార్డుని చూపిస్తోందా? అక్కడిదాకా బాగుంటేనే పైప్‌వైర్ జోలికి వెళ్లాలి. బ్రౌజర్ అన్నిటికన్నా ఆఖరు.

మొదటి ప్రశ్నకి ‘ఎల్ఎస్‌పీసీఐ మైనస్ కే’ అనే కమాండ్ జవాబు చెబుతుంది. పెద్ద జాబితాలో ఆడియో అని ఉన్న పేరా వెతికాను. పరికరం ఉంది. దాని కింద రెండు లైన్లు. ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్నచోట ఎస్ఎన్‌డీ హెచ్‌డీఏ ఇంటెల్ అని ఒకటే ఉంది. దాని కింద ‘కెర్నెల్ మాడ్యూల్స్’ అన్నచోట మాత్రం ఆ పేరుతో పాటు ఎస్ఎన్‌డీ సాఫ్ అని మొదలయ్యే ఇంకో పేరు కూడా ఉంది. ఒకే పరికరానికి ఇద్దరు డ్రైవర్లు సిద్ధంగా ఉంటే, ఇతనే ఎందుకు సీట్లో కూర్చున్నాడు? ఎవరో కూర్చోబెట్టి ఉండాలి. మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్ తెరిచి చూశాను. ఒక ఫైల్ ఉంది, లోపల ఒకే లైను. ఎవరు పెట్టారిది అనుకుంటూ తేదీ చూస్తే, మొదటి రాత్రి ఒంటిగంటా పది. నేనే.

కథ మొత్తం అక్కడ విడిపోయింది. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లలో శబ్దానికి రెండు ద్వారాలున్నాయి. స్పీకర్లు, హెడ్‌ఫోన్ జాక్ కోడెక్ అనే చిప్‌కి కలిసి ఉంటాయి. పాత హెచ్‌డీఏ డ్రైవర్‌కి ఆ కోడెక్‌తో మాట్లాడటం బాగా వచ్చు. కానీ వెబ్‌క్యామ్ పక్కన సూదిమొన ఆనేంత రంధ్రాలు రెండు కనిపిస్తాయి చూడండి, ఆ డిజిటల్ మైక్‌లు చాలా మోడళ్లలో కోడెక్‌కి కలిసి ఉండవు. ప్రాసెసర్ వైపున డీఎస్‌పీ అని చిన్న ప్రాసెసింగ్ భాగం ఉంటుంది, నేరుగా దానికి కలిసి ఉంటాయి. ఆ డీఎస్‌పీతో మాట్లాడేది సాఫ్ డ్రైవర్. పూర్తి పేరు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, 2018లో మొదలైంది. నేను రాసిన ‘1’కి అర్థం ఏంటంటే, డీఎస్‌పీని వదిలేసి పాత డ్రైవర్‌తోనే వెళ్లు అని. అందుకే కోడెక్ తరఫున స్పీకర్లు వచ్చాయి, డీఎస్‌పీ తరఫున ఉన్న మైక్‌లు పోయాయి. మైక్ లిస్టులో కనిపించిన ఆ ఒక్క పేరు హెడ్‌సెట్ జాక్‌ది. హెడ్‌సెట్ గుచ్చకపోతే దాని చివర ఏమీ లేదు. తిన్నటి గీత అందుకే.

సరే, ఫైల్‌లో ఆ లైను పనిచేయకుండా దాని ముందు హ్యాష్ పెట్టి రీస్టార్ట్ చేశాను. అనుకున్నట్టే డమ్మీ అవుట్‌పుట్ మళ్లీ దర్శనమిచ్చింది. ఏప్లే అనే కమాండ్‌ని కార్డుల జాబితా అడిగితే ఒక్క సౌండ్‌కార్డూ దొరకలేదంది. ఈసారి కంగారు పడలేదు. మొదటి రాత్రే అడగాల్సిన మాట ఇప్పుడు అడిగాను: కెర్నెల్ ఏమంటోంది? కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ‘సాఫ్’ అన్న పదం ఉన్న లైన్లు మాత్రమే వడగట్టాను. ఎర్రటి అక్షరాల్లో వచ్చాయి. మొదటి లైను, ఫలానా ఫర్మ్‌వేర్ ఫైల్ లోడ్ చేయబోతే ఫెయిలైంది, ఎర్రర్ మైనస్ 2 అని. మైనస్ 2 అంటే కెర్నెల్ భాషలో ‘అలాంటి ఫైల్ లేదు’. దాని కిందే, ఎంత మర్యాదగా రాసిందో, సాఫ్ ఫర్మ్‌వేర్ ఫైల్ కనపడట్లేదు, మీరు డౌన్‌లోడ్ చేసుకోవాల్సి రావచ్చు అని, ఎక్కడ దొరుకుతుందో అడ్రస్‌తో సహా.

కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఆన్ చేసిన మొదటి నిమిషం నుంచీ అది చెబుతూనే ఉంది. నేను ఊరంతా అడిగాను గానీ దాన్ని అడగలేదు.

డీఎస్‌పీ కూడా ఒక చిన్న కంప్యూటరే. ఆన్ చేసిన ప్రతిసారీ దానికి తన ప్రోగ్రాముని బయటి నుంచి అందించాలి, అదే ఫర్మ్‌వేర్. కెర్నెల్‌లో డ్రైవర్ ఉన్నంత మాత్రాన ఫర్మ్‌వేర్ కూడా వచ్చేసినట్టు కాదు, అది విడి ప్యాకేజీ. మామూలు ఇన్‌స్టాల్‌లో అయితే చాలా డిస్ట్రోలు దాన్ని వాటంతట అవే వేసేస్తాయి. ఏరికోరి మినిమల్ వేసుకున్నది నేను కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. ఆర్చ్‌లో దాని పేరు సాఫ్ ఫర్మ్‌వేర్, ఫెడోరాలో అల్సా సాఫ్ ఫర్మ్‌వేర్, డెబియన్‌లో ఫర్మ్‌వేర్ సాఫ్ సైన్డ్. దాంతో పాటు అల్సా యూసీఎం కాన్ఫ్ అనేది కూడా ఉందో లేదో చూసుకోవాలి. కార్డులో ఏ లైను స్పీకరు, ఏది జాక్, ఏది లోపలి మైక్ అని పైప్‌వైర్‌కి చెప్పే పటం లాంటిది అది. అది లేకపోతే కార్డు దొరికినా మైక్ దొరక్కపోవచ్చు. రెండూ వేసి, రీస్టార్ట్ కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను.

ఏప్లే జాబితాలో కార్డు పేరు మారింది, సాఫ్ హెచ్‌డీఏ డీఎస్‌పీ అని వచ్చింది. ఏరికార్డ్ జాబితాలో ఇన్నాళ్లూ లేని డీమైక్ (డిజిటల్ మైక్) అన్న పేర్లు వచ్చాయి. ‘స్పీకర్ టెస్ట్’ కమాండ్ కొట్టాను. ఒక అమ్మాయి గొంతు ఎడమ వైపు నుంచి ‘ఫ్రంట్ లెఫ్ట్’ అంది, కుడి వైపు నుంచి ‘ఫ్రంట్ రైట్’ అంది. పావు కంట్రోల్ తెరిచి చిన్నగా గొంతు సవరించుకున్నాను. పట్టీ ఊగింది.

ఆ తర్వాత వచ్చినవన్నీ చిల్లర తగాదాలే. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్ పెట్టిన రోజు శబ్దం పోయింది. చూస్తే, స్పీకర్లే లేని ఆ మానిటర్‌కి వెళుతోంది. ‘డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్’ కొడితే ఏ అవుట్‌పుట్ పక్కన నక్షత్రం గుర్తు (*) ఉందో అదే డిఫాల్ట్. దాన్ని స్పీకర్లకి మార్చాక సర్దుకుంది.

ఇంకోటి కాస్త ఏడిపించింది. ఏదైనా పాట ఆగిన కొన్ని సెకన్లకి స్పీకర్‌లో ‘టప్’ మని చిన్న చప్పుడు. మళ్లీ ఏదైనా మోగితే మొదట్లో ఇంకో ‘టప్’. పైగా మెసేజ్ వచ్చినప్పుడు మోగే ‘టింగ్’లో మొదటి సగం మింగేసేది. రాత్రిపూట నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఎంత చిరాకో అనుభవించినవాళ్లకే తెలుసు. కారణం తేలిగ్గానే దొరికింది. 5 సెకన్లు పనిలేకపోతే వైర్‌ప్లంబర్ ఆ పరికరాన్ని పడుకోబెడుతుంది, బ్యాటరీ కోసం. పడుకునేటప్పుడూ లేచేటప్పుడూ ఆంప్లిఫయర్ ఆగి వెలగడమే ఆ ‘టప్’. ‘సెషన్ సస్పెండ్ టైమౌట్ సెకండ్స్’ అనే విలువని 0 చేస్తే పడుకోదు. ఇక్కడా సలహా వయసు సమస్యే. నాకు మొదట దొరికిన పద్ధతి లూవా అనే భాషలో ఉండే ఫైల్‌లో రాసేది. వైర్‌ప్లంబర్ 0.5 నుంచి ఆ లూవా కాన్ఫిగ్ ఫైళ్లని అది పట్టించుకోదు, అదే సంగతి వేరే ఫార్మాట్‌లో, వైర్‌ప్లంబర్ డాట్ కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో రాయాలి. పాత పద్ధతిలో రాసి, ఏ ఎర్రరూ రాలేదు కదా పనిచేసిందనుకుని, మళ్లీ ‘టప్’ విన్నాక తెలుసుకున్నాను. ఈసారి మాత్రం ఫైల్ మొదట్లోనే హ్యాష్ పెట్టి, ఎందుకు రాశానో, ఏ తేదీన రాశానో రెండు ముక్కలు రాసుకున్నాను.

ఒక్కటి మిగిలింది. కీబోర్డ్ మీద మైక్ మ్యూట్ చేసే కీలో చిన్న లైట్ ఉంది. కీ నొక్కితే మైక్ మ్యూట్ అవుతోంది, స్క్రీన్ మీద గుర్తు కూడా వస్తోంది, లైట్ మాత్రం వెలగదు. ఒక్కో మోడల్‌కి ఆ లైట్ ఏ తీగ మీద ఉందో డ్రైవర్‌లో విడిగా రాయాల్సి వస్తుందట, నా మోడల్‌కి ఎవరూ రాసినట్టు లేరు. అందుకని మీటింగ్‌లో మాట్లాడే ముందు ఇప్పటికీ ఒకసారి పావు కంట్రోల్ తెరిచి, ఆ పట్టీ ఊగుతోందో లేదో చూసుకునే నోరు విప్పుతున్నాను.